ప్రకటన ఫలకం – స్టూవర్టుపురం: బహిరంగ ప్రకటన చరిత్రపై ఒక పరిశీలన

బహిరంగ స్థలంలో నిలబెట్టిన ప్రకటన ఫలకానికి ఒక ప్రత్యేకమైన ఆకర్షణ ఉంది. తిరుమల కాలినడక దారి మొదలయ్యే అలిపిరి దగ్గరైనా, నల్లమల అడవిలోకి వెళ్లే బాట మొదట్లోనైనా, పంచాయతీ కార్యాలయం గోడమీదనైనా ఆ పలక తన ముందు నిలిచిన మనిషిని కులమేదని, ఊరేదని అడగదు. చదవగలిగిన వారందరికీ ఒకే మాట చెబుతుంది. చెప్పిన మాటను మనిషిని బట్టి మార్చదు. నోటితో చెప్పిన వార్తకు లేని ఈ నిలకడవల్లనే సాంఘిక చరిత్రకారులు నోటీసు బోర్డును ఊరుమ్మడి జీవనానికి గుర్తుగా భావించారు. అయితే ఈ సమదృష్టి ఫలకానికి సహజంగా ఉన్న గుణమా, లేక దానిమీద ఎవరు, ఎవరిని గురించి, ఎవరి కోసం రాస్తున్నారన్న దానిని బట్టి ఏర్పడే గుణమా అన్న ప్రశ్న మిగిలే ఉంది. ఈ ప్రశ్నను బాపట్ల, చీరాల రైల్వేస్టేషన్ల నడుమ ఉన్న స్టూవర్టుపురం చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. ఒక ప్రకటన నుంచి పుట్టిన ఊరు అది. ఆ ఊరివారిని చట్టం మొదట ‘ప్రకటిత’ జాతిగానూ, తరువాత ‘విముక్త’ జాతిగానూ పేర్కొన్నది. ఈ రెండు పదాలూ ప్రభుత్వ ప్రకటనకు సంబంధించినవే కావడం గమనించదగినది.

చాటింపు, శాసనం, చావడి

తెలుగునేలమీద బహిరంగ ప్రకటన లిపితోనే మొదలైందని చెప్పలేము. కర్నూలు జిల్లా ఎర్రగుడి దగ్గర ఉన్న అశోకుని శాసనపాఠంలో రజ్జుకులనే అధికారులు జనపదాలకు రాజాజ్ఞను భేరి మోగించి తెలియజేయాలన్న ఆదేశం కనిపిస్తుంది. అంటే బండమీద చెక్కిన అక్షరం ఒక్కటే ప్రజలకు చాలదని చెక్కించినవారికే తెలుసు. అక్షరం ఆధారంగా నిలుస్తుంది, భేరి వార్తను మోసుకుపోతుంది. తరువాతి కాలపు దండోరా ఈ రెండో పనినే చేసింది. గ్రామాల్లో డప్పు మోగించి చాటింపు వేసే బాధ్యత చాలాచోట్ల అంటరానివారుగా ముద్రపడిన కులాలదే కావడం వల్ల, ఊరందరికీ వార్త చెప్పే గొంతు ఊరి అంచున ఉన్నవారిదైంది. దీన్ని విపర్యయమనవచ్చు. వార్త వారిది కాదు, గొంతు మాత్రమే వారిది.

శిలాశాసనం పనితీరు వేరు. బాపట్ల భావనారాయణస్వామి ఆలయం వంటి చోట్ల కనిపించే దానశాసనాలు దాతను, దానాన్ని, దానిని చెరిపినవారికి కలిగే పాపాన్ని పేర్కొంటాయి. ఇవి ఆలయానికి వచ్చేవారికి కనిపించే చోట నిలిచాయి. ఆలయప్రవేశం లేనివారికి అవి ఉన్నా లేనట్లే. ఇక్కడ ఒక చిన్న పక్కదారి పట్టడం అనుచితం కాదనుకుంటాను. రేపల్లె ప్రాంతంలోని భట్టిప్రోలు స్తూపంలో దొరికిన ధాతుకరండాలమీది అక్షరాలు దక్షిణాదిలో అతి ప్రాచీనమైన రాతలలో చేరతాయి. అవి స్తూపగర్భంలో, ఎవరి కంటా పడని చోట నిక్షిప్తమయ్యాయి. ఈ ప్రాంతపు తొలి రాతలు ప్రజలు చదవడానికి రాసినవి కావు. రాత అంటేనే బహిరంగమన్న మన నేటి భావన తరువాతిది.

కుంపినీ పాలనలోనూ, దాని తరువాతా గ్రామచావడి ప్రకటనస్థలమైంది. శిస్తు గడువులు, వేలంపాటలు, తాకీదులు అక్కడికే చేరేవి. ‘ఇస్తిహారు’ అన్న మాట రెవెన్యూ వ్యవహారంలో స్థిరపడింది. మద్రాసు ప్రభుత్వానికి ఫోర్టు సెయింట్ జార్జి గెజెటు ఉండేది, జిల్లాలకు జిల్లా గెజెట్లు ఉండేవి. గెజెటులో అచ్చయితే లోకానికంతటికీ తెలిసినట్లేనన్నది పాలనాసూత్రం. 1911 జనాభా లెక్కలనాటికి మద్రాసు రాజధానిలో నూటికి పదిమందికి కూడా చదువు రాదన్న సంగతి ఆ సూత్రానికి అడ్డు కాలేదు. చదవలేనివారికి కూడా ‘తెలిసినట్లే’నని చట్టం భావించింది. ఈ చట్టకల్పన బరువు అందరికంటే ఎక్కువగా మోసినవారిలో ఎరుకలవారు ఉన్నారు.

ఎరుక చెప్పేవారు

ఎరుకలవారి వృత్తులలో బుట్టలు, తడికెలు అల్లడం, పందుల పెంపకం, ఉప్పు, ధాన్యం వంటి సరుకులను పశువులమీద వేసుకొని తీరానికీ, లోపలి గ్రామాలకూ మధ్య వ్యాపారం చేయడం ముఖ్యమైనవి. స్త్రీలు ‘ఎరుక’ చెప్పేవారు. ఎరుక అంటే జ్ఞానం, తెలివిడి. యక్షగానాలలోనూ, కొరవంజి రచనలలోనూ ఎరుకలసాని పాత్ర అంతఃపురానికి వచ్చి నాయికకు భవిష్యత్తు చెబుతుంది. చదువుకున్న కవి ఈ పాత్ర నోట ఊరూరి పేర్లు, కొండల పేర్లు, క్షేత్రాల పేర్లు పలికించాడు. దేశమంతా తిరిగినవారికే ఆ ఎరుక ఉంటుందన్న లోకజ్ఞానం ఈ సంప్రదాయానికి ఆధారం. సాహిత్యం గౌరవించిన ఈ సంచారాన్నే వలసపాలన నేరలక్షణంగా చూసింది.

ఈ మార్పును మీనా రాధాకృష్ణ 2001లో వెలువడిన తమ గ్రంథంలో ఆర్థిక కారణాలతో వివరించారు. ఉప్పుమీద ప్రభుత్వ నియంత్రణ, రైలుమార్గాల విస్తరణ, అడవి చట్టాలు కలిసి సంచార వర్తకుల జీవనాధారాన్ని దెబ్బతీశాయన్నది వారి వాదసారం. బతుకుతెరువు పోయిన తరువాత మిగిలిన సంచారం పోలీసుల కంట అనుమానాస్పదమైంది. 1871 నాటి నేరజాతుల చట్టాన్ని మద్రాసు ప్రభుత్వం అప్పట్లో అమలులోకి తెచ్చుకోలేదు. 1911లో వచ్చిన కొత్త చట్టం మాత్రం ఈ రాజధానికీ వర్తించింది. ఆ చట్టం కిందనే 1913లో బాపట్ల తాలూకాలో రక్షణ సైన్యం అనే క్రైస్తవ సంస్థ నిర్వహణలో ఒక సెటిల్‌మెంటు ఏర్పడింది. మద్రాసు పోలీసు శాఖకు అధిపతిగా పనిచేసి, తరువాత గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడైన హెరాల్డ్ స్టూవర్టు పేరు దానికి పెట్టారు. తెలుగు ఊళ్లకు దేవుళ్ల పేర్లు, చెరువుల పేర్లు, చెట్ల పేర్లు, జమీందారుల పేర్లు ఉన్నాయి. పోలీసు అధికారిగా ఎదిగినవాని పేరుతో నిలిచిన ఊరు అరుదు. బెజవాడ దగ్గరి సీతానగరంలోనూ, నెల్లూరు జిల్లా కావలిలోనూ ఇటువంటి సెటిల్‌మెంట్లే ఏర్పడ్డాయి. కావలిది అమెరికన్ బాప్టిస్టు మిషను నిర్వహణలో నడిచింది. ఆ ఊళ్లకు అంతకుముందే పేరు ఉంది కాబట్టి సెటిల్‌మెంటు పోయినా పేరు తన పాత అర్థంతో మిగిలింది. స్టూవర్టుపురానికి ఆ వెసులుబాటు లేకపోయింది.

అయిదవ సెక్షను నోటీసు

1911 చట్టంలో ప్రకటన రెండుసార్లు జరుగుతుంది. మొదటిది గెజెటులో. స్థానిక ప్రభుత్వం ఒక తెగను గానీ, ముఠాను గానీ, ఒక వర్గపు వ్యక్తులను గానీ నేరజాతిగా ప్రకటించవచ్చు. రెండవది ఆ తెగవారు ఉన్నచోట. పేర్ల రిజిస్టరు తయారుచేయమని ప్రభుత్వం ఆదేశించినప్పుడు, ఆ రిజిస్టరు తయారయ్యే స్థలంలోనూ, తనకు ఉచితమని తోచిన ఇతర స్థలాల్లోనూ జిల్లా మేజిస్ట్రేటు ఒక నోటీసును ప్రచురించాలని అయిదవ సెక్షను చెబుతుంది. ఫలానా రోజున, ఫలానా చోట, ఫలానా అధికారి ఎదుట తెగవారందరూ హాజరు కావాలి. అడిగిన వివరాలు చెప్పాలి. వేలిముద్రలు వేయాలి.

ఈ నోటీసు స్వభావాన్ని కొంత నిదానంగా పరిశీలించవలసి ఉంది. ఊరి నోటీసుబోర్డుమీద సాధారణంగా కనిపించే ప్రకటనలలో చదివేవానికి ఎంపిక ఉంటుంది. వేలంపాటకు వెళ్లవచ్చు, మానవచ్చు. తిరునాళ్లకు పోవచ్చు, పోకపోవచ్చు. శిస్తు గడువులో నిర్బంధం ఉన్నా అది భూమి ఉన్న ప్రతి రైతుకూ వర్తిస్తుంది, రైతు చేసిన పనికి సంబంధించింది. అయిదవ సెక్షను నోటీసు మనిషి చేసిన పనిని గురించి మాట్లాడదు, పుట్టుకను గురించి మాట్లాడుతుంది. దాని ముందు నిలిచిన ఇద్దరు వ్యక్తులలో ఒకడు పాఠకుడు, మరొకడు విషయం. ఫలకం ఎదుట అందరూ సమానులన్న సూత్రం ఇక్కడ విరిగిపోయింది.

పైగా ఆ నోటీసు చేరవలసినవారిలో అత్యధికులకు చదువు లేదు. ఎరుకలవారి ఇంటిభాష తమిళానికి దగ్గరి సంబంధం ఉన్న ద్రావిడభాష, దానికి లిపి లేదు. పాలనా వ్యవహారమంతా ఇంగ్లీషులోనూ తెలుగులోనూ సాగింది. ఆ నోటీసుకు వారి నుంచి కోరిన జవాబు కూడా అక్షరం కాదు, వేలిముద్ర. రాతతో పిలిచి ముద్రతో బదులు తీసుకునే ఈ పద్ధతిలో సంభాషణకు చోటు లేదు. తమ భాషలో తమ పేరు ఎలా పలుకుతారో, ఇంటిపేరుకు అర్థమేమిటో చెప్పుకునే అవకాశం ఆ రిజిస్టరులో ఉండదు.

అభ్యంతరం చెప్పుకునే వీలు చట్టంలో పూర్తిగా లేదనలేము. రిజిస్టరులో తన పేరు చేరడంమీద అభ్యంతరం ఉన్నవాడు మేజిస్ట్రేటుకు ఫిర్యాదు చేసుకోవచ్చు. అయితే తెగను నేరజాతిగా ప్రకటించిన గెజెటు నోటిఫికేషను చెల్లుబాటును ఏ న్యాయస్థానమూ ప్రశ్నించకూడదని అదే చట్టం కట్టడి చేసింది. ‘నేను ఆ జాతివాణ్ణి కాను’ అని చెప్పుకోవచ్చు. ‘నా జాతి అటువంటిది కాదు’ అని చెప్పుకోవడానికి వీల్లేదు. ఈ చట్టాన్ని గురించి జరిగే చర్చలు సాధారణంగా కంచెలు, హాజరుపట్టీ, పాసులు, పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసే అధికారం చుట్టూ తిరుగుతాయి. అవి సహజంగానే ఎక్కువ బాధాకరమైనవి. కాని నా దృష్టిలో ఈ రెండు వాక్యాల మధ్య ఉన్న ఎడమే ఆ చట్టానికి కేంద్రం, మిగిలిన నిబంధనలు దాని నుంచి వచ్చినవే.

సెటిల్‌మెంటు లోపలి జీవితంలో హాజరు పిలుపు ఉండేది. బయటికి వెళ్లడానికి అనుమతిపత్రం అవసరమయ్యేది. రక్షణ సైన్యానికి భారతదేశంలో నాయకత్వం వహించిన బూత్ టక్కర్ నేరాన్ని నయం చేయదగిన జబ్బుగా భావించి, ఆ ‘చికిత్సాశాస్త్రానికి’ ‘క్రిమినోక్యూరాలజీ’ అని పేరు పెట్టాడు. బడి, వ్యవసాయం, వృత్తిశిక్షణ ఈ దృష్టిలో భాగాలు. బడి ఏర్పడటం వల్ల చదువు వచ్చినవారు ఉన్నారు, దాన్ని తక్కువ చేయనవసరం లేదు. సెటిల్‌మెంటువారు చీరాలలోని పొగాకు కంపెనీకి శ్రామికులుగా కూడా వెళ్లారు. చౌకగా, కట్టుదిట్టంగా దొరికే శ్రమకూ సంస్కరణకూ ఉన్న సంబంధాన్ని మీనా రాధాకృష్ణ గ్రంథం సవివరంగా చర్చించింది.

పక్క ఊరు ఇచ్చిన జవాబు

ఇదే రైలుమార్గంమీద, ఇదే కాలంలో మరొక ప్రభుత్వ ప్రకటనకు ప్రజలు ఇచ్చిన జవాబు తెలుగు చరిత్రలో సుప్రసిద్ధం. చీరాల, పేరాలలను కలిపి పురపాలక సంఘంగా చేసిన నిర్ణయాన్ని, దానితో పెరిగిన పన్నులను అక్కడివారు అంగీకరించలేదు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వంలో 1921లో వేలాదిమంది ఇళ్లు విడిచి, పురపాలక సరిహద్దు బయట రామనగరం పేరుతో పాకలు వేసుకొని దాదాపు పదకొండు నెలలు గడిపారు. ఊరు ఖాళీ అయితే పురపాలక సంఘం ఎవరిమీద పన్ను వేస్తుందన్నది వారి తర్కం.

ఈ రెండు ఘటనలను పక్కపక్కన పెట్టి చూసినవారు తక్కువ. రెండూ గెజెటు సృష్టించిన పాలనా ప్రదేశాలే. ఒకచోట ప్రజలు సరిహద్దు దాటి వెళ్లిపోవడం ద్వారా ప్రకటనను తిరస్కరించారు. కొద్ది మైళ్ల దూరంలోని మరొకచోట సరిహద్దు దాటడమే నేరం, దాటాలంటే అనుమతిపత్రం కావాలి. చీరాలవారి వలస త్యాగంగా నమోదైంది. ఎరుకలవారి సంచారం పరారీగా నమోదైంది. జాతీయోద్యమ చరిత్రలు మొదటిదాన్ని కీర్తించడం న్యాయమే. రెండోదాన్ని స్థానిక నేరచరిత్రగా పక్కన పెట్టడం న్యాయం కాదు. అదే పరిసరాల్లో, వేటపాలెంలో, 1918లో ఏర్పడిన సారస్వత నికేతనం గ్రంథాలయం వార్తాపత్రికలను భద్రపరుస్తూ పెరుగుతున్న కాలమది. 1929లో గాంధీ ఆ గ్రంథాలయ భవనానికి శంకుస్థాపన చేశారు. పత్రిక పఠనమందిరంలోకి వచ్చి, చదవనివారికి చదివి వినిపించే అలవాటు తీరాంధ్రంలో వ్యాపిస్తున్న దశలో, పొరుగునే ఉన్న ఒక సమూహానికి అచ్చుకాగితం అంటే ప్రధానంగా హాజరుపట్టీ, పాసు.

పేరే ఫలకమైనప్పుడు

మద్రాసు రాష్ట్రంలో నేరజాతుల చట్టం 1947లో రద్దయింది. దేశవ్యాప్తంగా 1952 ఆగస్టు 31న రద్దయింది. ఆ తేదీని విముక్త జాతులవారు ఇప్పటికీ విముక్తి దినంగా జరుపుకుంటారు. రద్దు కూడా గెజెటులోనే అచ్చయింది. దానికి ముందే, 1948లో, మద్రాసులో అలవాటుపడిన నేరస్థుల నియంత్రణ చట్టం వచ్చింది. జాతిని వదలి వ్యక్తిని పట్టుకున్నట్లు కనిపించినా, పోలీసు జాబితాలలో పాత పేర్లు కొనసాగడానికి అది దారి ఇచ్చింది.

చట్టం పోయిన తరువాత నిలిచింది ఊరిపేరు. రైల్వేస్టేషనులో పసుపుపచ్చ పలకమీద నల్లని అక్షరాలతో మూడు భాషల్లో రాసిన పేరు అన్ని స్టేషన్లలోనూ ఉన్నట్లే ఇక్కడా ఉంది. బాపట్ల, తెనాలి, చీరాల పేర్లు చదివిన ప్రయాణికుడు ఈ పేరునూ చదువుతాడు. మిగిలిన ఊళ్ల పేరు ఆ ఊరు వచ్చిందని మాత్రమే చెబుతుంది. ఈ పేరు మాత్రం తెలుగు పాఠకునికి ఇంకేదో చెబుతుంది. పలకమీద లేని వాక్యాన్ని చదివేవాడే పూరించుకుంటాడు. మన బస్టాండ్లలో, స్టేషన్లలో గోడలమీద రాసి ఉండే ‘దొంగలున్నారు జాగ్రత్త’ అన్న హెచ్చరిక ఎవరి పేరునూ పేర్కొనదు. దానికి పేరు సమకూర్చినది జనశ్రుతి, ఆపైన పాపులర్ సాహిత్యం, సినిమా.

1991లో ఒకే ఏడాది ‘స్టూవర్టుపురం పోలీస్ స్టేషన్’, ‘స్టూవర్టుపురం దొంగలు’ అన్న రెండు సినిమాలు వచ్చాయి. మొదటిది యండమూరి వీరేంద్రనాథ్ తమ నవల ఆధారంగా దర్శకత్వం వహించినది. ఈ చిత్రాల గుణదోషాలు ఇక్కడ ప్రస్తుతం కాదు. తెలుగునేలమీద అత్యంత విస్తృతమైన బహిరంగ ఫలకం సినిమా వాల్‌పోస్టరన్నది ప్రస్తుతం. ఎప్పుడూ బాపట్ల తాలూకా చూడనివారు, గెజెటు అన్న మాట విననివారు కూడా తమ ఊరి గోడమీద, టీకొట్టు పక్కన, పశువుల ఆసుపత్రి ప్రహరీమీద ఈ ఊరిపేరును ‘దొంగలు’ అన్న మాట పక్కన చదివారు. 1911 నాటి నోటీసు ఉచితమని తోచిన స్థలాల్లో మాత్రమే ప్రచురితమైంది. పోస్టరుకు ఆ పరిమితి లేదు. 2023లో వచ్చిన ‘టైగర్ నాగేశ్వరరావు’ ప్రచారచిత్రం ఈ ఊరిని వర్ణించిన తీరుపై ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం దాఖలైంది. నోటిఫికేషనును న్యాయస్థానం ప్రశ్నించరాదన్న నిబంధన కింద బతికిన ఊరు, నూరేళ్లు దాటిన తరువాత తన పేరు వాడకాన్ని న్యాయస్థానంలో ప్రశ్నించే స్థితి వచ్చిందన్నది చరిత్రకారుడు గుర్తించవలసిన అంశం.

ఈ నడుమకాలంలో జరిగిన సంస్కరణ ప్రయత్నాన్ని ప్రస్తావించకుండా వదలలేము. 1970లలో జలగం వెంగళరావు ముఖ్యమంత్రిగా ఉన్న కాలంలో, విజయవాడ నాస్తిక కేంద్రానికి చెందిన లవణం, హేమలతా లవణం స్టూవర్టుపురంలో పని మొదలుపెట్టారు. హేమలతా లవణం మహాకవి గుఱ్ఱం జాషువ కుమార్తె. ఆమె ఆ అనుభవాలను గ్రంథస్థం చేశారు కూడా. కులం పేరుతో అవమానాన్ని పద్యవిషయం చేసిన కవి ఇంటినుంచి వచ్చిన వ్యక్తి, జాతి పేరుతో ముద్ర మోసిన ఊరిలో పనిచేయడం తెలుగు సాహిత్య చరిత్రలోనూ చోటు దక్కవలసిన విషయం. రక్షణ సైన్యం పద్ధతిలో మనిషిని మార్చే పనికి కంచె అవసరమైంది. వీరి పద్ధతిలో మాటామంతీ, ఇంటింటికీ వెళ్లడం, పునరావాసం కోసం ప్రభుత్వంతో మాట్లాడటం సాధనాలయ్యాయి. ప్రకటించడం కాకుండా పలకరించడం ఇక్కడ పద్ధతిగా మారింది.

జాబితా తిరగబడిన తీరు

గత రెండు దశాబ్దాలలో గ్రామ ప్రకటన ఫలకం రూపం మారింది. 2005 నాటి సమాచార హక్కు చట్టం ప్రభుత్వ కార్యాలయాలు తమంతట తామే సమాచారాన్ని వెల్లడించాలని నిర్దేశించింది. ఉపాధి హామీ పథకం 2006లో అమలులోకి వచ్చాక సామాజిక తనిఖీ పేరుతో పనులు, కూలీల వివరాలు ఊరి నడుమ చదివి వినిపించే పద్ధతికి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రసిద్ధి పొందింది. అక్షరమూ భేరీ మళ్లీ కలిశాయనుకోవచ్చు. 2019 అక్టోబరు 2న మొదలైన గ్రామ సచివాలయాలలో సేవల పట్టికలు, పథకాల లబ్ధిదారుల జాబితాలు ప్రదర్శించడం నియమమైంది. తుది నిర్ణయానికి ముందు తాత్కాలిక జాబితాను ప్రదర్శించి అభ్యంతరాలు స్వీకరించే పద్ధతి వచ్చింది.

ఎరుకలవారు నేడు షెడ్యూల్డు తెగల జాబితాలో ఉన్నారు. అదీ ఒక ప్రకటనే, అదీ పుట్టుకను బట్టి జరిగే నమోదే. రూపంలో 1911 నాటి రిజిస్టరుకూ, సచివాలయం గోడమీది జాబితాకూ పోలికలు లేకపోలేదు. వరుసగా పేర్లు, తండ్రి లేక భర్త పేరు, ఇంటి నంబరు, ఒక్కొక్కప్పుడు వేలిముద్ర. పోలికను బట్టి రెండింటినీ ఒకే అధికారవ్యవస్థకు రెండు ముఖాలుగా చూసే సిద్ధాంతాలు ఉన్నాయి. నేను ఆ వాదాన్ని పూర్తిగా అంగీకరించను. జాబితా ముందు నిలిచిన మనిషి ఏమి వెతుకుతున్నాడన్నది ఈ తేడాను తేల్చుతుంది. నాడు రిజిస్టరుమీద చట్టం అనుమతించిన అభ్యంతరం ఒక్కటే, పేరు తీసివేయమని. నేడు సచివాలయం ఫలకం ముందు గడువులోగా వచ్చే అభ్యంతరాలలో ముఖ్యమైనది పేరు చేర్చమని.